విమాన నిర్మాత విలియం బోయింగ్

విలియం బోయింగ్ 1881వ సంవత్సరమున అమెరికా దేశములోని డెట్రాయిట్ నగరమున జన్మించెను. తండ్రి కలప వ్యాపారమున ధనము గడించినవాడు. బాలునకు ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆయన గతించెను. పెరిగి పెద్దవాడై బోయింగ్ పసిఫిక్ తీరమునకు పోయి, తానును కలప వ్యాపారముననే స్థిరపడెను.

1915లో ఆయన విమానము నడుపుట నేర్చుకొని, ఒక విమానమును కొనెను. అది దెబ్బతినగా విడిభాగములు వచ్చుటకు చాలకాలము పట్టునని తెలిసెను. అంతకంటె మేలైన విమానమును తామే నిర్మింపవచ్చునని బోయింగ్ తలచెను. నౌకాదళమున ఇంజనీరగు వెస్టర్‌వెల్ట్ అను మిత్రుడు తోడయ్యెను. కొయ్యతోను, నారబట్టతోను, తీగెలతోను నీటిపై వ్రాలగల విమానము సిద్ధమయ్యెను. 1916 జూన్ 15వ తేదీన సియాటిల్ నగరమందలి సరస్సునుండి దానిని బోయింగ్ స్వయముగా ఎగురవేసెను. మరుసటి నెలలోనే సంస్థను స్థాపించెను.

1918లో ప్రపంచ యుద్ధము ముగియగానే విమానములు కొనువారు కరవైరి. కర్మాగారమున పడవలు, కొయ్య సామానులు చేయించుచు, తన సొంత ధనముతో బోయింగ్ పనివారిని పోషించెను. 1919 మార్చి 3వ తేదీన మిత్రుడు హబ్బర్డ్‌తో గూడి, కెనడాలోని వాంకూవర్ నుండి 60 ఉత్తరముల సంచిని సియాటిల్‌కు గాలిలో కొనివచ్చెను.

పనిలో లోపమును ఆయన సహింపకుండెను. ఒకనాడు సరిగా కోయని కొయ్య పట్టెలు కంటబడగా, వానిని నేలపై బడద్రోసి, విరుగువరకు కాలితో త్రొక్కెను. నాసిరకపు పనిని బయటికి పంపుటకంటె కర్మాగారమును మూసివేయుటయే మేలని ఆయన తలంపు. 1933లో వెలువడిన 247 అను విమానము పూర్తిగా లోహముతో నిర్మితమై, పదిమంది ప్రయాణికులను మోయగలిగెను. 1934లో ప్రభుత్వము చేసిన చట్టమువలన ఆ సంస్థల కూటమి విడిపోవలసి వచ్చెను. బోయింగ్ తన వాటాలను అమ్మి వైదొలగెను. 1956లో ఆయన కన్నుమూసెను.

పిమ్మట సంస్థ లోకప్రసిద్ధి గాంచెను. కాని పేరు నిలిచినంత మాత్రమున నియమము నిలువదు. 2018లో నొకటి, 2019లో నొకటి, ఆ సంస్థవారి 737 మాక్స్ విమానములు రెండు కూలి, 346 మంది మరణించిరి. ఒక్క పరికరము తప్పు కొలత చూపగా, దానినే నమ్మిన యంత్రము విమానపు ముక్కును మరల మరల క్రిందికి వంచెను. 2024 జనవరిలో మరియొక విమానమున, ఆకాశముననే తలుపు స్థానమందలి పలక ఊడిపోయెను. దానిని పట్టియుంచవలసిన నాలుగు మరలు బిగింపబడలేదని విచారణలో తేలెను. దైవవశమున ఎవరును మరణింపలేదు.

కొయ్య పట్టెలో చిన్న లోపమును గూడ బోయింగ్ ఏల క్షమింపలేదో ఆ నాలుగు మరలే తెలుపుచున్నవి. పూర్వులు కూర్చిన కీర్తిని, ప్రతిదినమును శ్రద్ధతో చేసిన పనియే కాపాడవలెను.