క్యూ లెక్క కట్టిన మాస్టారు

ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ కంప్యూటర్‌ని చూడలేదు. మొదటి హార్డ్ డిస్క్ రావడానికి 27 ఏళ్ల ముందే, 1929లో, ఆయన పోయారు. అయినా సర్వర్‌లో ఐయోస్టాట్ కమాండ్ కొట్టి, వరసగా దిగే అంకెల వంక చూస్తూ కూర్చున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. ఆ అంకెల్ని చదివే పద్ధతికి పునాది వేసింది ఆయనే కాబట్టి. మన సిలబస్‌లో ఆయన పేరు ఒక డిస్ట్రిబ్యూషన్ పక్కన, ఒకట్రెండు ఫార్ములాల పక్కన కనిపించి మాయమైపోతుంది. మనిషి ఎవరో ఎవరూ చెప్పరు.

1878 జనవరి 1న డెన్మార్క్‌లో, జట్లాండ్ ప్రాంతంలోని లోన్‌బోర్గ్ అనే పల్లెటూళ్లో పుట్టారు. నాన్న ఆ ఊరి బడిపంతులు. సాయంత్రం పూట అన్న పుస్తకం తెరిచి చదువుతుంటే, ఈయన ఎదురుగా కూర్చుని అదే పుస్తకాన్ని తలకిందులుగా చదివేసేవారట. నక్షత్రాలంటే ఇష్టం, వాటి మీద కవితలు కూడా రాసేవారు. (మన క్లబ్‌లో మెంబర్‌షిప్ ఇవ్వాల్సిన మనిషే.) 14 ఏళ్లకే కోపెన్‌హేగన్ యూనివర్సిటీ వాళ్ల ప్రిలిమినరీ పరీక్ష రాయడానికి వయసు చాలకపోతే ప్రత్యేక అనుమతి తీసుకుని రాసి, మంచి మార్కులతో పాసయ్యారు. ఆ తర్వాత ఊరికొచ్చి నాన్న బళ్లోనే రెండేళ్లు పిల్లలకి చెప్పారు. 1896లో స్కాలర్‌షిప్‌తో యూనివర్సిటీలో చేరి, 1901లో మ్యాథ్స్‌లో ఎమ్మే పూర్తి చేశారు. మళ్లీ టీచర్ ఉద్యోగమే, కొన్నేళ్ల పాటు.

ఆయన జీవితం మలుపు తిరిగింది గణితం వాళ్ల మీటింగుల్లో. అక్కడ యోహాన్ యెన్సెన్ పరిచయమయ్యారు. మనం చదివే జెన్సెన్ ఇనీక్వాలిటీ ఆయనదే, కానీ ఆయన ప్రొఫెసర్ కాదు, కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరు. ఆయన ద్వారానే ఎర్లాంగ్ 1908లో ఆ కంపెనీలో చేరారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు.

కంపెనీ ముందున్న ప్రశ్న వినడానికి చిన్నదే. ఎక్స్‌చేంజికి ఎన్ని లైన్లు వెయ్యాలి? ఎక్కువ వేస్తే డబ్బు దండగ, తక్కువ వేస్తే జనం ఫోన్ పట్టుకుని పడిగాపులు. 1909లో ఎర్లాంగ్ చూపించిందేంటంటే, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా జనం చేసే కాల్స్ పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్‌ని పాటిస్తాయని. 1917లో అసలు ఫార్ములాలు వచ్చాయి. లైన్లన్నీ బిజీగా ఉంటే కాల్ కట్టయ్యే పద్ధతిలో ఎన్ని కాల్స్ పోతాయి, ఆగి ఉండే పద్ధతిలో ఎంతసేపు ఆగాలి అనే రెండింటికీ లెక్క కట్టారు.

ఇప్పుడు ఫోన్ లైన్ బదులు హార్డ్ డిస్క్ పెట్టండి. ఒక్కో రిక్వెస్టుకి డిస్క్ సగటున 5 మిల్లీసెకన్లు పని చేస్తుందనుకుందాం. సెకనుకి 100 రిక్వెస్టులొస్తే అది 500 మిల్లీసెకన్ల పని, అంటే ఐయోస్టాట్‌లో యుటిల్ 50 శాతం. ఎర్లాంగ్ పేరు మీదున్న కొలతలో 0.5 ఎర్లాంగ్. సగం సమయం డిస్క్ ఖాళీ కదా, ఇంకేం అనిపిస్తుంది. కానీ రిక్వెస్టుకి పట్టే మొత్తం సమయం, అంటే అవైట్, అప్పటికే 10 మిల్లీసెకన్లు. 160 రిక్వెస్టులొస్తే యుటిల్ 80, అవైట్ 25. 190 వస్తే యుటిల్ 95, అవైట్ 100. 160 నుంచి 190కి పెరిగింది ముప్పై రిక్వెస్టులే, అవైట్ మాత్రం నాలుగింతలైంది. అదే రెండు డిస్కులు ఒకే క్యూ నుంచి పని తీసుకుంటే, ఒక్కోటీ 80 శాతం బిజీగా ఉన్నా అవైట్ 25 కాదు, సుమారు 14. రెండు కౌంటర్లకి ఒకే లైన్ పెడితే జనం త్వరగా కదలడం మనందరం చూసిందే, ఎంత త్వరగా అన్నదే ఎర్లాంగ్ లెక్క.

అందుకే నేను యుటిల్ ఒక్కటే చూసి ఏమీ అనను. దాని అర్థం, డిస్క్ చేతిలో కనీసం ఒక రిక్వెస్టయినా ఉన్న సమయం ఎంత శాతం అని మాత్రమే. ఒకేసారి ఎన్నో పనులు చేసే ఎస్‌ఎస్‌డీకి అది 100 చూపించినా ఇంకా బోలెడు ఖాళీ ఉండొచ్చు. అవైట్ చూడాలి, క్యూ పొడవు చూడాలి. ఇంకోటి, ఇంటర్వెల్ పెట్టి ఐయోస్టాట్ నడిపితే మొదట వచ్చే బ్లాక్ సర్వర్ బూట్ అయినప్పటి నుంచి లెక్కేసిన సగటు. దాన్ని చూసి సర్వర్ బాగానే ఉందనేవాళ్లు చాలామంది.

ఎర్లాంగ్ పెట్టిన షరతు ఒకటుంది: కాల్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని రాకూడదు. ఆన్‌లైన్ ల్యాబ్ ఎగ్జామ్‌లో ఆ షరతు నిలవదు. మొన్న సెమిస్టర్‌లో మా జూనియర్లు కొందరి సబ్మిషన్లు టైమ్‌కి ఎక్కలేదు. గ్రాఫ్‌లో డిస్క్ ప్రశాంతంగా ఉంది కాబట్టి తప్పు పిల్లలదేనన్నారు. ఆ గ్రాఫ్ అయిదు నిమిషాల సగటు. అందరూ సబ్మిట్ నొక్కింది చివరి నిమిషంలో. సెకనుకోసారి తీసిన లాగ్ ఒకటి దొరికింది, అందులో ఆ చివరి సెకన్లలో అవైట్ ఒక్కసారిగా పైకి లేచి ఉంది. వాళ్లకి మళ్లీ అవకాశమిచ్చారు. లాగ్ లేకపోతే జీరోనే.

ఎర్లాంగ్ కూడా అంకెల్ని ఎవరో పంపిస్తే తీసుకుని కూర్చున్న మనిషి కాదు. మొదట్లో ఆయనకి సహాయానికి ల్యాబ్ సిబ్బంది ఎవరూ లేరు. కేబుళ్ల దగ్గర కరెంటు లీకుల కొలతలు తనే తీసుకోవాలి. నిచ్చెన మోసే ఒక పనివాడిని వెంటబెట్టుకుని కోపెన్‌హేగన్ వీధుల్లో తిరుగుతూ మ్యాన్‌హోళ్లలోకి దిగేవారు. నాకు ఆయన ఫార్ములాల కంటే ఆ నిచ్చెన ఎక్కువ నచ్చుతుంది.

రాయడంలో మాత్రం ఆయన పిసినారి. పేపర్లు చాలా క్లుప్తం, కొన్నిచోట్ల ప్రూఫ్ కూడా ఉండదు. అవి ఒరిజినల్‌లో చదవడానికే బెల్ ల్యాబ్స్‌లో ఒకాయన డేనిష్ నేర్చుకున్నారంటారు. బ్రిటిష్ పోస్టాఫీసు వాళ్లు ఆయన ఫార్ములాని తమ ఎక్స్‌చేంజిలకి వాడుకున్నారు.

పెళ్లి చేసుకోలేదు. సంపాదన పుస్తకాల మీద, అడిగినవాళ్ల మీద పెట్టారు. సాయం కోసం జనం ఆఫీసుకే వచ్చేవారు, ఆయన చప్పుడు చెయ్యకుండా ఇచ్చి పంపేవారు. దాదాపు ఇరవై ఏళ్ల ఉద్యోగంలో జబ్బు అని ఒక్క రోజు సెలవు పెట్టలేదు. 1929 జనవరిలో కడుపు నొప్పి మొదలైంది, ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేశారు. ఫిబ్రవరి 3న పోయారు. అప్పుడాయనకి 51 ఏళ్లు.

టెలిఫోన్ ట్రాఫిక్ కొలతకి ఎర్లాంగ్ అనే పేరు అంతర్జాతీయంగా ఖాయమైంది 1946లో. ఒక లైన్ గంటసేపు ఆగకుండా బిజీగా ఉంటే ఆ గంటలో అది మోసింది ఒక ఎర్లాంగ్. గంటల్ని గంటలతో భాగిస్తాం కాబట్టి యూనిట్లు కొట్టేసుకుపోతాయి, పేరొక్కటే మిగులుతుంది.