ప్రోలయ వేమారెడ్డి: కొండను నివాసము చేసిన రాజు

గుంటూరు నుండి చిలకలూరిపేటకు పోవునపుడు, ప్రత్తిచేలకు, మిరపచేలకు ఆవల కుడివైపున ఒక కొండలవరుస కానవచ్చును. అదియే కొండవీడు. ఆ కొండను ఏలిన రెడ్డిరాజులలో మొదటివాడు ప్రోలయ వేమారెడ్డి. ఆయనను యుద్ధవీరుడుగా మన మందరము ఎరుగుదుము. కొండలలో మనుష్యుడు నిలుచుటకు దారియు, నీడయు, నీరును ఏర్పరచిన నిర్మాతగా ఆయనను తలచుకొనువారు తక్కువ.

1323లో ఓరుగల్లు పతనమై, కాకతీయ ప్రతాపరుద్రుడు శత్రువులకు బందీ అయ్యెను. తెలుగునాట ఊళ్ళకు కాపు లేకపోయెను. పంట ఇంటికి చేరునో లేదో, దేవాలయమున దీపము వెలుగునో లేదో చెప్పలేని రోజులవి. అట్టి సమయమున, సుమారు 1325లో, వేమారెడ్డి అద్దంకి రాజధానిగా స్వతంత్రరాజ్యమును స్థాపించెను. సోదరుడు మల్లారెడ్డి ఆయనకు కుడిభుజమై మోటుపల్లి రేవును సాధించెను.

మన నల్లరేగడి నేల అన్నము పెట్టును గాని ఆశ్రయము నీయదు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారు ఆ మట్టిలో పునాది లోతుగా లేనిచో గోడ పగులును. శత్రువు వచ్చినచో అడ్డుపడుటకు మైదానమున గుట్టయైనను ఉండదు. కొండయన్ననో బండపునాదిని ఇచ్చును, నాలుగు దిక్కులు చూచుటకు ఎత్తును ఇచ్చును. కాని నీటిని నిలువనీయదు. కురిసిన వాన గడియలో క్రిందికి జారిపోవును. కోట ఎంత గట్టిదైనను, త్రాగునీరు లేనిచో లోనివారు తామే తలుపులు తీయవలసివచ్చును. కనుక కొండమీద కాపురమునకు మొదటి ప్రశ్న గోడ కాదు, నీరు.

కొండవీటి కోటను నిర్మించిన కీర్తి వేమారెడ్డికి దక్కినది. తరువాతి రెడ్డిరాజులు దానిని పెంపొందించిరి. అచటి పనితనమును గమనించినచో ఈ ప్రశ్నకు జవాబు దొరకును. కొండను చదును చేయుటకు పూనుకొనక, శిఖరముల అంచు ఎట్లు వంపు తిరిగినదో గోడలను అట్లే నడిపిరి. రాయి ఆ కొండదే. దానిని పేర్చి, సున్నముతో బిగించిరి. కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అనునవి కోటకు వాకిళ్ళు. గోడల నడుమనున్న పల్లములకు కట్టలు వేసి వాననీటిని ఆపిరి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని వానికి పేర్లు. పై చెరువు నిండి పొరలిన నీరు క్రింది చెరువునకు చేరునట్లు అమర్చిరి. ఒక వానను మూడుచోట్ల ఆపుట యన్నమాట. క్రిందనుండి కడవలు మోయు పని లేకుండ ఆకాశమునుండి వచ్చినదే కోటను పోషించెను. పర్యావరణమునకు అనుకూలమైన నిర్మాణమని నేడు నిపుణులు చెప్పుచున్నది ఇదియే: ఉన్నచోటి రాయి, పడినచోటి నీరు, కొండ వాలునకు లోబడిన గోడ.

వేమారెడ్డి దృష్టి తన కోటతోనే ఆగలేదు. నల్లమల అడవులలోని శ్రీశైలమునకు, అహోబలమునకు ఆయన సోపానములు కట్టించెను. ఆ కొండదారులలో వృద్ధులకు, బిడ్డతల్లులకు కాలు జారుటయే ప్రాణాపాయము. రాతిమెట్టు కాలికి ఊతమిచ్చును, వానకు కరగదు, ఏటేట మరమ్మతు కోరదు. శివరాత్రికి నడచిపోవు భక్తులు భీమునికొలను దగ్గర నేటికిని రాతిమెట్లే ఎక్కుచున్నారు. రాజు కోట రాజును కాపాడును; రాజు వేయించిన మెట్లు పేరు తెలియని బాటసారిని కాపాడును. ఈ రెండవ పనియే ఆయన పేరును ఎక్కువకాలము నిలిపినదని చెప్పవచ్చును.

విద్యకును ఆయన నీడనిచ్చెను. భారతారణ్యపర్వ శేషమును పూరించిన ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానకవి. హరివంశమును ఆ మహాకవి వేమారెడ్డికే అంకితమొసగెను.

సుమారు 1353లో వేమారెడ్డి పాలన ముగిసెను. కుమారులు అనవోతారెడ్డి, అనవేమారెడ్డి వరుసగా రాజ్యమేలిరి. 1424 ప్రాంతమున కొండవీటి రెడ్డిరాజ్యము అంతరించెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి కోటను గెలుచుకొనెను. పిమ్మట గోలకొండ సుల్తానులు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు వచ్చిరి, పోయిరి. నేడు కొండపైకి ఘాటురోడ్డు కలదు. రాజులు లేరు, సైన్యములు లేవు. చెరువులు మాత్రము వానను పట్టుచున్నవి.

వేసవిలో బోరు అడుగంటినపుడు మరింత లోతునకు త్రవ్వుటయే మనకు తోచుచున్నది. మన ఊరి చెరువులో పూడిక తీసినవారెందరు? ఇంటికప్పుపై పడిన వానను నిలుపుకొన్నవారెందరు? నీరు నిలువని కొండమీద నీరు నిలిపినవారి వారసులమైన మనము, నీరు నిలుచు పల్లములో దాహముతో ఉండుట తగదు. ఈ గ్రంథాలయమునకు వచ్చు యువకులు ఒక్కసారి కొండవీడు ఎక్కి, గోడలకంటె ముందు ఆ చెరువులను చూచి రావలెనని మా కోరిక.