రెండణాల టిక్కెట్టు, ఐదు వేల చందా: దుర్గాబాయమ్మ జీవితం



ఈ పుస్తకంలో ముందు పేజీలన్నీ మన లెక్కలే. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, తిరిగి కట్టింది ఎంత అని సంఘాల వారీగా రాసినం. కానీ ఈ లెక్కల్లోకి సరిగ్గా ఎక్కని పని ఒకటి ఉంది. ఊళ్లో ఎవరింట్లోనైనా ఆపద వచ్చినా, బడికి ఏదైనా కొదవ పడినా ముందుగా కదిలేది మన సంఘాల ఆడవాళ్లే. తలా కొంత వేసుకుంటం, నలుగురి గడప తొక్కి అడుగుతం. అట్ల అడగాలంటే చానామందికి సిగ్గు. మనల్ని చూసి ఎవరిస్తరని ఒకరు వెనక్కి తగ్గుతరు, ఆ పైసలు ఏం చేసినరని రేపు నిందేస్తరేమోనని ఇంకొకరు భయపడతరు. అందుకే దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం ఇక్కడ రాస్తున్నం. చందా అడిగే పనితో మొదలై దేశంలో ఆడవాళ్ల సంఘాలకు సర్కారు సాయం అందే దారి వేసిన జీవితం ఆమెది.

దుర్గాబాయమ్మ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. పెరిగింది కాకినాడలో. తండ్రి రామారావు పదిమందికి సాయపడే మనిషి. తల్లి కృష్ణవేణమ్మ. ఆ కాలం తీరు ప్రకారం ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేసేశారు. పెద్దదైనాక ఆ కాపురం తనకు వద్దని చెప్పింది. తండ్రి ఆమె మాటకే నిలబడ్డాడు. నూరేళ్ల కిందట ఒక ఆడపిల్ల ఆ మాట అనడం, ఇంట్లోవాళ్లు విని ఒప్పుకోవడం ఎంత అరుదో మనకు చెప్పనక్కర లేదు.

బడిలో ఇంగ్లీషు చదువు రుద్దుతున్నారని ఆమె చిన్నప్పుడే బడి మానేసింది. హిందీ నేర్చుకుని, తనే ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి పెట్టింది. అప్పటికి తనింకా చిన్నపిల్ల. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లూ ఉన్నారు.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి అప్పుడు పన్నెండేళ్లు కూడా నిండలేదు. గాంధీజీ మాట ఊరంతా వింటుంది సరే, దేవదాసీలు ఎట్ల వింటారు, పరదా దాటని ముస్లిం ఆడవాళ్లు ఎట్ల వింటారు అన్నది ఆమె ఆలోచన. దేవదాసీలను నలుగురిలో కూర్చోనిచ్చే రోజులు కావవి. వాళ్ల కోసం వేరే సభ పెట్టాలని ఏర్పాట్లు చూసే పెద్దలను అడిగింది. గాంధీజీకి ఇవ్వడానికి ఐదు వేల రూపాయలు పోగుచేసి తెస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామని వాళ్లు షరతు పెట్టారు. ఆ రోజుల్లో ఐదు వేలంటే మామూలు మొత్తం కాదు. చిన్నపిల్ల తేలేదులే అనుకుని ఉంటారు.

ఆమె ధనవంతుల ఇళ్లకు పోలేదు. ఎవరి కోసం సభ అడిగిందో ఆ దేవదాసీల దగ్గరికే పోయి సంగతి చెప్పింది. వాళ్లే ఆ డబ్బు సమకూర్చారు. ఊళ్లో ఒక బడి ఆవరణలో సభ జరిగింది. వెయ్యి మందికి పైగా ఆడవాళ్లు వచ్చారు. ఐదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంటకు పైనే మాట్లాడారు. వింటున్న ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. అన్నీ కలిపితే పాతిక వేల దాకా అయింది. ఆ తర్వాత జరిగిన పెద్ద సభలో గాంధీజీ హిందీ మాటలను తెలుగులో చెప్పే పని ఈ చిన్నపిల్లకే దక్కింది.

ఈ సంగతి మన పాలమూరు వైపు ఆడవాళ్లకు ఇంకా దగ్గరగా తగలాలె. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లను జోగినిగా మార్చే ఆచారం మన ప్రాంతంలోనూ ఉండె. దాన్ని నేరంగా చేస్తూ 1988లో చట్టం వచ్చింది. అయినా ఆ బతుకు బతికిన అక్కలను పండుగకు, శుభకార్యానికి పిలవడానికి ఇంకా కొందరు వెనకాడతరు. ఊరు వేలెత్తి చూపిన ఆడవాళ్ల చేతుల మీదుగానే కాకినాడలో ఆ ఐదు వేలు వచ్చినయి. ఊరు వాళ్లను ఎన్నడూ ఒక మంచి పనికి రమ్మని అడగలేదు. ఆ చిన్నపిల్ల అడిగింది.

రెండేళ్లకు, 1923లో, కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. లోపలికి పోవాలంటే రెండణాల టిక్కెట్టు కొనాలి. తలుపు దగ్గర కాపలా దుర్గాబాయిది. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు, చేతిలో పైసలూ లేవు. ఆమె లోపలికి పోనివ్వలేదు. పెద్దలు పరుగెత్తుకొచ్చి టిక్కెట్టు కొని ఇచ్చాకే ఆయన లోపలికి పోయారు. నెహ్రూ కోపం చేసుకోలేదు, మెచ్చుకున్నారు. ఎంత పెద్ద మనిషైనా సరే, తనకు అప్పగించిన రెండణాల లెక్క తప్పనివ్వకూడదన్నది ఆమె పట్టు. మన దగ్గర వాయిదా కట్టని మనిషి పెద్దింటి ఆడమనిషైతే పుస్తకంలో రాయడానికి చేయి ఆగుతుంది కదా. అప్పుడు ఈ రెండణాలు గుర్తు చేసుకోవాలె.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె జైలుకు పోయింది. 1933 లోపు మూడుసార్లు జైలు చూసింది. మదురై జైల్లో ఒంటరి గదిలో ఉంచారు. జైల్లో తనతోపాటు ఉన్న ఆడవాళ్లలో చాలామందికి చదువు రాదు. తమ మీద ఉన్న కేసేమిటో, చట్టం ఏం చెబుతుందో తెలియని స్థితి వాళ్లది. వాళ్లను చూశాకే తాను చదవాలని గట్టిగా అనుకుంది. బయటికొచ్చి, ఇరవై దాటిన వయసులో, బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. తర్వాత వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె పేపర్లో ప్రకటన వేయించి, చదవాలనుకునే ఆడపిల్లలను కూడగట్టింది. అందరూ కలిసి తమ హాస్టలు తామే నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసింది.

చదువుతూనే ఆమె పెట్టిన సంస్థ ఆంధ్ర మహిళా సభ. 1937లో మద్రాసులో మొదలైంది. మొదట్లో అది పిల్లలు ఆడుకుని పాడుకునే చిన్న గుంపు. మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్లకు పరీక్షలకు పాఠాలు చెప్పడం, చేతిపనులు నేర్పడం, నర్సు శిక్షణ, ఆస్పత్రి అని మెల్లమెల్లగా పెరిగింది. చందాలు, విరాళాలే దానికి ఆధారం. ఏ పనికి కావాలో చెప్పి అడగడం, ఆ పని కళ్లముందు నిలబెట్టడం, అది చూపి ఇంకో పనికి అడగడం. ఇట్ల అడుగు మీద అడుగు వేశారు. తర్వాత ఆ సభ హైదరాబాదుకూ వచ్చింది. విద్యానగర్ వైపు ఆమె పేరు మీద ఉన్న ఆస్పత్రి, ఉస్మానియా దారిలో ఉన్న ఆడపిల్లల కాలేజీ ఆ సభ పెట్టినవే.

1946లో ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలైంది. మొత్తం సభలో ఆడవాళ్లు 15 మందే. ఆడవాళ్ల ఆస్తి హక్కు గురించి ఆమె గట్టిగా వాదించింది. 1952లో లోక్‌సభ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయింది. ఓడినా ఇంట్లో కూర్చోలేదు. అదే ఏడు ప్రణాళికా సంఘం సభ్యురాలిగా పనిలో చేరింది. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకుంది.

అదే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆమే. చందాలతో సంస్థను నడపడం ఎంత కష్టమో ఆమె అనుభవించి ఉంది. మంచి పని చేసే చిన్న సంస్థలకు సర్కారు డబ్బు సాయం అందాలి, సంస్థ కూడా తన వంతు జమ చేయాలి అన్న పద్ధతి పెట్టారు. పల్లెల్లో బాలవాడీలు, కాన్పుల సాయం, కుట్టుపని వంటివి ఈ దారిలో నడిచాయి. చదువు మధ్యలో ఆగిన పెద్ద ఆడవాళ్లు రెండేళ్లలో పరీక్ష రాసే కోర్సులు 1958లో మొదలయ్యాయి. అవి చదివి టీచర్లు, నర్సులు అయినవాళ్లు ఎందరో. ఆడవాళ్ల చదువు మీద వేసిన జాతీయ కమిటీకీ 1958లో ఆమే అధ్యక్షురాలు.

1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న ఆమె కన్నుమూసింది. ఆంధ్ర మహిళా సభ ఆమె తర్వాతా ఆగలేదు.

ఈ జీవితం నుంచి మన సంఘాలు తీసుకోవాల్సింది మూడు మాటలు. ఒకటి, చందా అడిగేటప్పుడు ఉన్నోళ్లను మాత్రమే అడగొద్దు. పది రూపాయలు ఇచ్చే అక్కను కూడా అడగాలె, ఆమె పేరు కూడా పుస్తకంలో రాయాలె. ఊరు దూరం పెట్టిన అక్క ఉంటే ముందు ఆమె గడపకే పోవాలె. రెండు, ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు ఉండాలె. వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అని గ్రామ సంఘం మీటింగులో గట్టిగా చదివి, తీర్మానం పుస్తకంలో సంతకాలు తీసుకోవాలె. అట్ల చేస్తే నిందకు భయపడే పని లేదు. మూడు, ఒక పని పూర్తిచేసి చూపించినాకే ఇంకో పనికి అడగాలె.

వచ్చే ఏడు నివేదికలో ఇంకో పట్టిక చేర్చాలని మా కోరిక. ఏ ఊళ్లో ఏ పనికి ఎంత చందా వచ్చింది, ఎంతమంది ఇచ్చినరు, ఏమైంది అన్నది అందులో ఉండాలె. ప్రతి సంఘం ఈ నెల నుంచే ఆ లెక్కకు ఒక పుస్తకం వేరుగా పెట్టుకోవాలని కోరుతున్నం.