షోయబుల్లాఖాన్

పత్రిక వెలువడాలంటే కాగితం కావాలి, సిరా కావాలి, అచ్చుయంత్రం కావాలి, పనిచేసేవారికి జీతాలు కావాలి. వీటన్నింటికీ మూలం ధనం. ఆ ధనం ఎవరి చేతి నుండి వస్తుందో వారి మాట పత్రికలో వినిపించడం లోకసహజం. ప్రభువు సొమ్ముతో బ్రతికే పత్రిక ప్రభువు తప్పును వేలెత్తి చూపలేదు. సత్యం చెప్పదలచిన పత్రిక తన ఖర్చును తానే భరించుకోవాలి, లేదా సత్యాన్ని కోరేవారి సహాయంతో నిలబడాలి. ఈ రెండు మార్గాలనూ ఆశ్రయించి, తన ఇంటి నగలను, చివరకు తన ప్రాణాన్ని పత్రికకే అర్పించిన సంపాదకుడు షోయబుల్లాఖాన్.

ఆయన జీవితం అర్థం కావాలంటే నాటి హైదరాబాదు రాజ్య పరిస్థితులను కొంత తెలుసుకోవాలి. సుమారు 82 వేల చదరపు మైళ్ల విస్తీర్ణం, కోటీ అరవై లక్షలకు పైగా జనాభా గల ఆ రాజ్యాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలిస్తుండేవాడు. ప్రజలలో అధికసంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడేవారు. పాలన మాత్రం ఉర్దూలో సాగేది. సభ జరపాలన్నా, పత్రిక స్థాపించాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ నిర్బంధాల నడుమనే 1922లో ఇనుగుర్తి నుండి తెనుగు పత్రిక, నల్లగొండ నుండి నీలగిరి పత్రిక వెలువడ్డాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక ప్రారంభమయింది. ఇవి రాజాదరణతో కాక చందాదారుల, దాతల ఆదరణతో, సంపాదకుల త్యాగంతో నడిచిన పత్రికలు.

రాజధానికి దూరంగా ఉన్న ఉత్తర తెలంగాణ జిల్లాలలో పత్రిక అవసరం మరింత ఎక్కువగా ఉండేది. 1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగవ ఆంధ్రమహాసభ జరిగింది. ప్రజలు తమ కష్టాలను బాహాటంగా చెప్పుకొనడానికి అటువంటి సభలు అవకాశం కల్పించాయి. అడవి బిడ్డలకు ఆ అవకాశం కూడా లేదు. ఆదిలాబాద్ అడవులలో గోండులు తమ భూముల కోసం, పోడు హక్కు కోసం పోరాడారు. వారి నాయకుడు కొమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద ప్రభుత్వ బలగాల కాల్పులలో మరణించాడు. అంతటి ఘోరం జరిగిన తరువాత గాని గోండుల స్థితిగతులను పరిశీలించడానికి హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ప్రభుత్వం నియమించలేదు. ఆ అడవుల గోడును ఏనాటికానాడు రాజధానికి చేర్చగల పత్రిక అక్కడ లేదు. వార్త చేరని చోట అన్యాయానికి అడ్డు ఉండదనడానికి ఇది ఒక నిదర్శనం.

అటువంటి కాలంలో షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17న నేటి మహబూబాబాద్ జిల్లాలోని సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లాఖాన్ నిజాం రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కుమారుని ముఖంలో గాంధీజీ పోలికలు కనిపించడం వలన తండ్రి అతనిని ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవాడని చెబుతారు. షోయబుల్లాఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. ఆనాడు ఉర్దూ చదివిన పట్టభద్రునికి ప్రభుత్వోద్యోగం దొరకడం కష్టం కాదు. జీతం, హోదా, రేపటిపై భరోసా అన్నీ అందుబాటులో ఉన్నాయి. ఆయన మాత్రం పత్రికారచనను వృత్తిగా ఎంచుకొన్నారు.

మొదట ఒక ఉర్దూ పత్రికలో చేరారు. ప్రభుత్వ విధానాలను విమర్శించినందుకు ఆ పత్రిక నిషేధానికి గురయింది. తరువాత మందుముల నరసింగరావు నడుపుతున్న రయ్యత్ పత్రికలో చేరారు. రయ్యత్ అంటే ప్రజ అని అర్థం. పేరుకు తగినట్లుగానే ఆ పత్రిక ప్రజల పక్షాన నిలిచింది. అక్కడ లభించిన జీతం స్వల్పమైనా షోయబుల్లాఖాన్ తృప్తిగా పనిచేశారు. బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పడాలనీ, మతం పేరిట జరిగే దౌర్జన్యాలు ఆగాలనీ నిర్భయంగా వ్రాశారు. కొంతకాలానికి రయ్యత్ పత్రికను కూడా ప్రభుత్వం నిషేధించింది.

1947 ఆగస్టు 15న భారతదేశానికి స్వాతంత్ర్యం లభించింది. నిజాం మాత్రం తన రాజ్యాన్ని భారత యూనియన్‌లో విలీనం చేయడానికి అంగీకరించలేదు. కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు గ్రామాలపై పడి దోపిడీలకు, హత్యలకు పాల్పడ్డారు. 1947 సెప్టెంబరు 2న నాటి కరీంనగర్ జిల్లాలోని పరకాలలో జాతీయజెండా ఎగురవేయడానికి చేరిన జనంపై కాల్పులు జరిగాయి. 1948 మార్చిలో అదే జిల్లాలో అనభేరి ప్రభాకరరావును, ఆయన అనుచరులను నిజాం బలగాలు కాల్చి చంపాయి. ఇటువంటి వార్తలు ప్రజలకు తెలియకుండా ఉండాలని పాలకులు కోరుకొన్నారు. ప్రభుత్వ ఆదరణతో నడిచే పత్రికలు ఆ కోరికను మన్నించాయి.

ఒక పత్రిక నిషేధానికి గురయితే మరొక పత్రికను స్థాపించాలని షోయబుల్లాఖాన్ నిశ్చయించుకొన్నారు. నిశ్చయం ఉన్నా చేతిలో ధనం లేదు. తల్లి నగలు, భార్య నగలు అమ్మి కొంత సొమ్ము సమకూర్చుకొన్నారు. కాంగ్రెసు నాయకుడు బూర్గుల రామకృష్ణారావు, మరికొందరు మిత్రులు ఆర్థికంగా అండగా నిలిచారు. 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక వెలువడింది. ఇమ్రోజ్ అనగా నేడు. కాచిగూడలోని చిన్న కార్యాలయమే ఆ పత్రికకు నిలయం. సొంత ఇంటి బంగారం కరిగించి పత్రిక నడపడం లాభాన్ని ఆశించేవారు చేసే పని కాదు. ఆ కుటుంబంలోని స్త్రీలు తమ ఒంటిమీది నగలను ఒక ఆశయం కోసం వదులుకొన్నారు. చరిత్రలో సంపాదకుని పేరు నిలిచినంతగా వారి త్యాగం నిలవలేదు. ఇమ్రోజ్ తొలి పెట్టుబడిలో వారి వాటా తక్కువది కాదు.

ఇమ్రోజ్ ఉర్దూలో వెలువడటం వలన దానికి ఒక విశిష్టత కలిగింది. హైదరాబాదులో రాజకీయ వాతావరణాన్ని నిర్ణయించే విద్యావంతులు, ఉద్యోగులు చదివే భాష అది. రజాకార్లు తాము ముస్లిములందరి పక్షాన పోరాడుతున్నామని ప్రకటించుకొనేవారు. ఒక ముస్లిం సంపాదకుడు ముస్లిములు చదివే భాషలోనే వారి దౌర్జన్యాన్ని ఖండించి, భారత యూనియన్‌లో విలీనమే అందరికీ శ్రేయస్కరమని వ్రాయడంతో ఆ ప్రచారం బోలుతనం బయటపడింది. అందువలననే ఆ చిన్న పత్రిక వారికి పెద్ద శత్రువయింది. బెదిరింపు లేఖలు వచ్చాయి. హితైషులు జాగ్రత్తగా ఉండమని హెచ్చరించారు. షోయబుల్లాఖాన్ కలం ఆగలేదు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన విడుదల చేశారు. రజాకారు సంస్థను రద్దు చేయాలని, రాజ్యాన్ని భారత యూనియన్‌లో విలీనం చేయాలని వారు కోరారు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ ధైర్యంగా ప్రచురించింది. రజాకార్ల ఆగ్రహం హద్దులు దాటింది. తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేస్తామని కాసిం రజ్వీ బహిరంగంగా హెచ్చరించాడు. అది వట్టి బెదిరింపు కాదని కొద్దిరోజులలోనే తేలిపోయింది.

ఆగస్టు 21వ తేదీ రాత్రి పని ముగించుకొని షోయబుల్లాఖాన్ తన బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలిసి కాలినడకన ఇంటికి బయలుదేరారు. లింగంపల్లి చౌరస్తా సమీపంలో దుండగులు వారిని అడ్డగించారు. షోయబుల్లాఖాన్‌పై తుపాకితో కాల్చి, వ్రాసే చేతిని నరికివేశారు. అడ్డువచ్చిన ఇస్మాయిల్‌ఖాన్ చేతిని కూడా నరికారు. 22వ తేదీ తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడు సంవత్సరాలు మాత్రమే. ఆయన భార్య నిండు గర్భిణి. ఆ తరువాత నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, నిజాం భారత సైన్యానికి లొంగిపోయాడు. తాను కోరిన విలీనాన్ని కళ్లారా చూసే భాగ్యం ఆ యువ సంపాదకునికి దక్కలేదు. ఆయనకు అండగా నిలిచిన బూర్గుల రామకృష్ణారావు 1952లో, ప్రజలు ఎన్నుకొన్న శాసనసభ ద్వారా, హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు.

షోయబుల్లాఖాన్ ధైర్యాన్ని కీర్తించడం సులభం. ఆయన పత్రిక ఎంత బలహీనమైన పునాదిపై నిలిచిందో ఆలోచించడం కూడా అవసరం. ఒక కుటుంబం నగలు, కొద్దిమంది మిత్రుల విరాళాలు, ఒక యువకుని ప్రాణం ఆ పునాదిలోని రాళ్లు. నగలు ఒకసారే అమ్మగలం. మిత్రులు ఎంతటి సజ్జనులైనా వారికీ రాజకీయ విశ్వాసాలు ఉంటాయి. ఇమ్రోజ్ ఆశయం, దానికి సహాయం చేసినవారి ఆశయం ఒకటే కావడం ఆ పత్రిక అదృష్టం. ఆశయాలు వేరయినప్పుడు దాత మాట నెగ్గాలా, సంపాదకుని మాట నెగ్గాలా అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. వేలమంది పాఠకులు చెల్లించే చిన్నచిన్న చందాలతో నడిచే పత్రికకు ఈ చిక్కు తక్కువ. ఒక్క చందాదారునికి కోపం వచ్చినంత మాత్రాన ఆ పత్రిక ఆగిపోదు.

పేద దేశాలలో మాత్రం చందా కట్టగలిగిన పాఠకులు తక్కువ, ప్రకటనలు ఇచ్చే వ్యాపారసంస్థలూ తక్కువ. అందువలన అక్కడి పత్రికలు ప్రభుత్వ ప్రకటనలపైనో, ధనికుల దయపైనో ఆధారపడవలసి వస్తుంది. 1991లో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో సమావేశమైన ఆఫ్రికా పాత్రికేయులు ఈ సమస్యను ప్రపంచం ముందుంచారు. అంతర్జాతీయ సంస్థలు ఇచ్చే సహాయం పత్రికల స్వాతంత్ర్యాన్ని, వైవిధ్యాన్ని పెంచేదిగా ఉండాలని వారు కోరారు. ఆ ప్రకటన వెలువడిన మే 3వ తేదీని ఐక్యరాజ్యసమితి 1993లో ప్రపంచ పత్రికాస్వేచ్ఛా దినంగా ప్రకటించింది. సహాయం చేయాలి, కాని కలాన్ని శాసించరాదు అన్నదే ఆ కోరికలోని సారం. కాచిగూడలోని చిన్న కార్యాలయంలో షోయబుల్లాఖాన్‌కు కావలసివచ్చింది కూడా అటువంటి సహాయమే.

ఓటు ప్రజాస్వామ్యానికి ప్రాణమైతే, ఆ ఓటును తెలిసి వేయడానికి నిజమైన వార్త ఆధారం. ఆ వార్తకు వెల ఉంది. పాఠకులు అందరూ కలిసి కొద్దికొద్దిగా ఆ వెల చెల్లించని నాడు, ఎవరో ఒకరు ఒంటరిగా చెల్లించవలసి వస్తుంది. 1948లో హైదరాబాదులో ఆ వెల చెల్లించినవారు షోయబుల్లాఖాన్, ఆయన కుటుంబం.