గామా గెలిచింది ఎవరి మీద?

కాస్త ఛాతీ విరుచుకుని నడిచే కుర్రాణ్ణి చూసి, పెద్ద గామా పహిల్వాన్ బయలుదేరాడండీ అని ఎద్దేవా చేయడం మన తెలుగు ఊళ్ళలో ఉన్నదే. ఆ మాట అనేవాళ్ళలో చాలామందికి గామా ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. మన ఇళ్ళల్లో మాత్రం దాదాలు, నానాలు ఆయన పేరు గౌరవంగా తలుస్తారు. యాభై ఏళ్ళపాటు కుస్తీ పట్టి ఒక్కసారి కూడా ఓడని మనిషి అంటారు. చదువుకున్న మనవలు ఊరుకోరు. ఓడలేదు సరే, ఇంతకీ గెలిచింది ఎవరి మీద అని అడుగుతారు. అక్కడితో దస్తర్‌ఖాన్ దగ్గర వాదన మొదలవుతుంది.

ఈ ప్రశ్న అడిగిన పిల్లల్ని కసురుకోవడం మాకు ఇష్టం లేదు. మనవాడు కదా అని ఉన్నదానికి రెండింతలు కలిపి చెబితే అది సాక్ష్యం కాదు. కుస్తీ మనకు పరాయి విద్యా కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాలో పేరుమోసిన మల్లుడు రుకానాతో తలపడి ఆయన్ను పడగొట్టిన సంగతి సీరా గ్రంథాలు చెబుతూనే ఉన్నాయి. కనుక గామా లెక్కను కూడా నిజాయితీగా చూద్దాం.

ఆయన అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. 1878 ప్రాంతంలో అమృత్‌సర్ జిల్లా జబ్బోవాల్‌లో, కశ్మీరీ మూలాలున్న పహిల్వాన్ల ఇంట పుట్టాడు. తండ్రి ముహమ్మద్ అజీజ్ బఖ్ష్ కూడా పహిల్వానే. పసితనంలోనే తండ్రి పోతే తాత, ఆ తర్వాత మేనమామ ఈదా పహిల్వాన్ పెంచి కుస్తీ నేర్పారు. 1888లో జోధ్‌పూర్ మహారాజు పెట్టిన బస్కీల పోటీకి నాలుగు వందల మందికి పైగా వచ్చారట. చివరిదాకా నిలిచిన పదిహేను మందిలో ఈ పదేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. వయసు చూసి మహారాజు అతణ్ణే విజేతగా ప్రకటించాడంటారు. తర్వాత దతియా సంస్థానం చేరదీసింది.

ప్రత్యర్థుల మాట ఎత్తినప్పుడు అందరూ లండన్ నుంచి మొదలుపెడతారు. అది పొరపాటని మా అభిప్రాయం. మొదలుపెట్టాల్సింది రహీం బఖ్ష్ సుల్తానీవాలా దగ్గర. ఆయన గుజ్రాన్‌వాలా వాడు, ఆనాటి హిందూస్థాన్‌లో మొదటి వరస పహిల్వాన్. ఎత్తు దాదాపు ఏడడుగులు. మన గామా ఐదడుగుల ఏడెనిమిది అంగుళాల మనిషి. 1895లో, పదిహేడేళ్ళ వయసులో, గామా ఆయనను సవాలు చేశాడు. రెండు నిమిషాల్లో తేలిపోతుందని చూడవచ్చిన వాళ్ళు గంటల తరబడి కూర్చోవలసి వచ్చింది. ముక్కు నుంచీ చెవుల నుంచీ నెత్తురు కారుతున్నా కుర్రవాడు గోదా వదల్లేదంటారు. చివరికి ఎవరి వీపూ మట్టికి తగల్లేదు. సమానంగానే విడిపోయారు.

ఆ రోజు నుంచి 1910 దాకా గామా పేరుపొందిన పహిల్వాన్లను ఒక్కొక్కరినే చిత్తు చేస్తూ వచ్చాడు. వాళ్ళ పేర్లు లండన్ పత్రికల్లో అచ్చు కాలేదు కాబట్టి వాళ్ళు బలహీనులని అనుకోవడం అన్యాయం. ఆ కాలంలో సంస్థానాధీశులు పాలూ నెయ్యీ బాదం పోసి పహిల్వాన్లను పోషించారు. అఖాడాల్లో అంత గట్టి పోటీ ఉన్న దేశాలు ప్రపంచంలో ఎక్కువ లేవు. రహీం బఖ్ష్ ఒక్కడే తేలకుండా మిగిలాడు.

1910లో ఒక బెంగాలీ ధనికుడి సొమ్ముతో, బెంజమిన్ అనే నిర్వాహకుడి వెంట గామా లండన్ వెళ్ళాడు. తమ్ముడు ఇమాం బఖ్ష్ కూడా ఉన్నాడు. మనిషి పొట్టిగా ఉన్నాడని అక్కడి పోటీలో చేర్చుకోలేదు. దాంతో గామా బహిరంగ సవాలు విసిరాడు. ఎంత బరువున్న వాళ్ళైనా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానన్నాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ముందుకొచ్చినవాడు అమెరికా పహిల్వాన్ బెంజమిన్ రోలర్. వృత్తికి డాక్టరు, కుస్తీలో కాకలు తీరినవాడు. గామా అతణ్ణి మొదటిసారి రెండు నిమిషాల లోపే పడేశాడు. రెండోసారికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

అసలు పరీక్ష సెప్టెంబరు 10న జరిగింది. ఎదుట ఉన్నవాడు పోలెండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కో. పందెం 250 పౌన్లు, జాన్ బుల్ బెల్టు. గామా మొదటి నిమిషంలోనే అతణ్ణి కింద పడేశాడు. జిబిస్కో బోర్లా పడుకుని చాపకు అతుక్కుపోయాడు. లేవడు, తిరగబడడు. రెండున్నర గంటలు దాటినా అదే పరిస్థితి. చూసేవాళ్ళకు విసుగొచ్చింది. చీకటి పడుతుంటే కుస్తీ ఆపేసి, వారం తర్వాత మళ్ళీ అన్నారు. సెప్టెంబరు 17న గామా వచ్చాడు, జిబిస్కో రాలేదు. బెల్టు గామాకు దక్కింది.

పిల్లలు పట్టుకునేది ఇక్కడే. ప్రపంచ విజేత అనే బిరుదుకు ఆధారం తేలని ఒక కుస్తీ, రాని ఒక ప్రత్యర్థీనా? పైగా అదే ఏడాది జూన్‌లో షికాగోలో అమెరికా వీరుడు ఫ్రాంక్ గాచ్ ఈ జిబిస్కోనే ఓడించాడు. మొదటి పట్టు కొన్ని సెకన్లలో ముగిసింది. గాచ్ సెకన్లలో పడగొట్టిన వాణ్ణి గామా గంటల్లో పడగొట్టలేకపోయాడు కదా అన్న వాదన పైకి బలంగానే కనిపిస్తుంది.

కానీ రెండు సంగతులు మరచిపోకూడదు. షికాగోలో తాను చేయి కలపడానికి ముందుకు వస్తే గాచ్ కాళ్ళు లాగేశాడని జిబిస్కో ఫిర్యాదు చేశాడు. అంత దెబ్బ తిన్నవాడు లండన్‌లో ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా ఉంటాడా? రెండోది విద్యకు సంబంధించింది. మన కుస్తీ మట్టి గోదాలో నిలబడి పట్టేది. చాప మీద బోర్లా పడుకుని గెలుపోటములు తప్పించుకునే వాణ్ణి వెల్లకిలా తిప్పే అలవాటు మన వాళ్ళకు తక్కువ. అది గామా విద్యలో లోటే, ఒప్పుకోవాలి. అయితే ఆ రెండున్నర గంటల్లో తప్పించుకుంటూ ఉన్నవాడు ఎవరో కూడా చెప్పాలి.

ఇక గాచ్, రష్యా మల్లుడు హాకెన్‌ష్మిట్. ఆ కాలపు శిఖరాలు ఈ ఇద్దరే. గామా ఇద్దరినీ సవాలు చేశాడు, ఇద్దరూ రాలేదు. ఎందుకు రాలేదన్న దానికి బేరం కుదరలేదని, తీరిక లేదని ఎన్నో కారణాలు చెప్పుకోవచ్చు. ఒకటి మాత్రం గుర్తు చేస్తాం. అదే 1910 జులైలో నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ తెల్లవాడైన జెఫ్రీస్‌ను ఓడిస్తే అమెరికా పట్టణాల్లో అల్లర్లు జరిగి మనుషులు చనిపోయారు. అలాంటి రోజుల్లో పాలిత దేశం నుంచి వచ్చిన గోధుమ రంగు మనిషి చేతిలో పడే ప్రమాదం తలకెత్తుకోవడానికి ఎవరికి తొందర? రానివాళ్ళ లెక్క వచ్చినవాడి ఖాతాలో రాయడం మాకు సబబుగా తోచదు. అలాగని గాచ్ మీద గామా గెలిచేవాడని ఖాయంగా చెప్పడమూ తగదు. పట్టని కుస్తీకి ఫలితం ఉండదు.

లండన్ నుంచి వచ్చాక అలహాబాదులో రహీం బఖ్ష్‌తో మళ్ళీ తలపడ్డాడు. చాలాసేపు సాగిన ఆ కుస్తీలో గామా గెలిచి రుస్తుం-ఎ-హింద్ అయ్యాడు. అప్పటికి రహీం బఖ్ష్ వయసు మీరినవాడన్నది నిజమే. అయినా తనకు దొరికిన ప్రత్యర్థులందరిలోకీ గట్టివాడు ఎవరంటే గామా తన జీవితాంతం రహీం బఖ్ష్ పేరే చెప్పేవాడట. జిబిస్కో పేరు కాదు.

జిబిస్కోతో మిగిలిన బాకీ 1928 జనవరిలో పటియాలాలో తీరింది. మహారాజా భూపిందర్ సింగ్ ఏర్పాటు చేసిన గోదాలో, వేలాది జనం చూస్తుండగా, ఒక్క నిమిషం కూడా పట్టకుండా జిబిస్కో వీపు మట్టి కరిచింది. మహారాజు గామాకు వెండి గద బహూకరించాడు. జిబిస్కోకు అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు, ముసలివాణ్ణి పడగొట్టాడు అని ఎవరైనా అంటే, గామా వయసూ యాభైకి దగ్గరేనని చెప్పండి. అంతకు మూడేళ్ళ ముందు, 1925లో, ఆ ముసలివాడే అమెరికాలో ప్రపంచ బిరుదు మళ్ళీ గెలుచుకున్నాడు. అయితే ఈసారి గోదా మనది, మట్టి మనది, పద్ధతి మనది. ఆ వెసులుబాటు గామాకు ఉందని కూడా చెప్పాలి.

మరుసటి ఏడాది జెస్సీ పీటర్సన్ అనే ఐరోపా మల్లుణ్ణి నిమిషంన్నరలో ఓడించాడు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ ప్రత్యర్థి లేడు. 1952లో అధికారికంగా విరమించుకున్నాడు గనుక అజేయంగా యాభై ఏళ్ళు అంటారు గానీ, అందులో చివరి ఇరవై ఏళ్ళను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిదని మేము అనుకుంటాం. వాటిని తీసేసినా మిగిలేది చిన్నదేమీ కాదు. బరోడా మ్యూజియంలో 1200 కిలోల రాయి ఉంది. 1902లో దాన్ని గామా ఎత్తాడని దాని మీద రాసి ఉంది. అలాంటివాటిని నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. గామా పేరు నిలబడటానికి ఆ రాయి అవసరం లేదు.

1947లో ఆయన లాహోర్‌లో ఉన్నాడు. దేశం రెండు ముక్కలైన ఆ రోజుల్లో హిందువుల ఇళ్ళ మీదికి గుంపులు వస్తే, దాదాపు డెబ్బై ఏళ్ళ గామా తన శిష్యులతో వీధి మొగన నిలబడ్డాడని, ముందుకొచ్చినవాడికి ఒక్క చెంపదెబ్బ తగిలిందని, గుంపు వెనక్కి మళ్ళిందని లాహోర్ వాళ్ళు చెప్పుకుంటారు. ఆ కుటుంబాలు బయలుదేరే రోజున వారానికి సరిపడా తిండి గింజలు కట్టించి సరిహద్దు దాకా పంపాడట. ప్రత్యర్థుల జాబితా రాసేవాళ్ళెవరూ ఆ గుంపును అందులో చేర్చలేదు.

చివరి రోజులు బాగా గడవలేదు. కొడుకులు చిన్న వయసులోనే చనిపోయారు. సంస్థానాలు పోయాయి, వాటితో పోషణా పోయింది. జబ్బు పట్టుకుంది. కుస్తీ అంటే ప్రాణమిచ్చే పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా ఈ సంగతి విని సరిహద్దు ఇవతలి నుంచి రెండు వేల రూపాయలు పంపి, నెలకు మూడు వందల పింఛను ఏర్పాటు చేశాడు. 1960 మే 23న గామా లాహోర్‌లో కన్నుమూశాడు. తమ్ముడు ఇమాం బఖ్ష్ కొడుకు భోలూ ఆ ఇంటి కుస్తీని ముందుకు నడిపాడు. పాకిస్తాన్ ప్రధానిగా పనిచేసిన నవాజ్ షరీఫ్ భార్య, 2018లో మరణించిన కుల్సూం, గామాకు కూతురి కూతురు.

మెడకు తగిలించుకుని ఆయన బస్కీలు తీసిన 95 కిలోల చక్రం పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఉంది.