పదాన్ని కాలంతో కొలిచిన కాటెల్

చదువు వచ్చినవారికి చదవడం ఒక పనిగా తోచదు. దుకాణంపై ఉన్న పేరు కంటబడగానే మనసుకు అందిపోతుంది. ఆ స్వల్పకాలంలో కన్ను ఎంత గ్రహిస్తుందో, మనసు ఎంత పూరించుకుంటుందో యంత్రంతో కొలిచి చూసిన తొలితరం శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యులు జేమ్స్ మెకీన్ కాటెల్.

ఆయన 1860 మే 25న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఈస్టన్ పట్టణంలో జన్మించారు. తండ్రి విలియం కాటెల్ ఆ ఊరి లఫాయెట్ కళాశాలకు అధ్యక్షులుగా పనిచేశారు. అక్కడే పట్టభద్రులైన కాటెల్ జర్మనీ వెళ్ళి, లైప్జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ శిష్యులయ్యారు. వుంట్ 1879లో నెలకొల్పిన మనస్తత్వ ప్రయోగశాల అప్పటికింకా కొత్తది. అక్కడ సాధారణంగా గురువే శిష్యులకు పరిశోధనాంశాన్ని నిర్ణయించేవారు. కాటెల్ మాత్రం తన అంశాన్ని తానే ఎంచుకున్నారు. పరికరాలనూ తానే రూపొందించుకున్నారు.

వాటిలో ఒకటి జారిపడే తెర. దాని సందులోనుండి అక్షరమో పదమో సెకనులో నూరవ వంతు కాలం మాత్రమే కనిపించేది. 1885, 1886 సంవత్సరాలలో వెలువడిన ఫలితాలు పండితులను ఆశ్చర్యపరచాయి. పొంతనలేని అక్షరాలు ఒక్క చూపుకు కొద్దిగానే అందేవి. అవి పదాలుగా కుదిరినప్పుడు మూడింతల అక్షరాలు, పదాలు వాక్యంగా కుదిరినప్పుడు రెండింతల పదాలు అందేవి. రంగును చూసి దాని పేరు చెప్పడానికి పట్టే సమయం కంటే, పదాన్ని చదవడానికి పట్టే సమయం తక్కువ! చిరకాల అభ్యాసం వల్ల చదవడం అప్రయత్నంగా జరిగిపోతుందని, రంగు పేరును మాత్రం మనసు వెదుకుకోవాలని ఆయన వివరించారు.

1891లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. విద్యార్థుల బుద్ధిబలాన్నీ ఇలాగే కొలవవచ్చునన్న ఆయన ఆశ మాత్రం ఫలించలేదు. ఆ పరీక్షలకూ తరగతి మార్కులకూ పొంతన లేదని 1901లో ఆయన శిష్యుడు క్లార్క్ విస్లరే నిరూపించారు. మేధాశక్తి వంశంలోనే వస్తుందని నమ్మి, ఆచార్యుల ఇంటి సంబంధం చేసుకుంటే వెయ్యి డాలర్లిస్తానని తన సంతానానికి ఆశచూపడం ఆ మేధావికి శోభించని విషయం. అయితే ధైర్యానికి కొదవలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, నిర్బంధంగా సైన్యంలో చేర్చిన యువకులను వారి ఇష్టానికి విరుద్ధంగా ఐరోపా పంపరాదని శాసనసభ్యులకు లేఖలు వ్రాసి, 1917లో ఉద్యోగం కోల్పోయారు. 'సైన్స్' పత్రిక సంపాదకత్వాన్ని మాత్రం విడువలేదు. 1944 జనవరి 20న మరణించేవరకు, దాదాపు అర్ధశతాబ్దం, ఆ బాధ్యత వహించారు.

ఆయన ప్రయోగాలను ఆధారం చేసుకుని అమెరికాలో కొందరు విద్యావేత్తలు, పిల్లలకు అక్షరాలతో పనిలేదని, పదాలను బొమ్మల్లా చూపితే చాలునని వాదించారు. కానీ కాటెల్ పరీక్షించినది చదవడంలో ఆరితేరిన పెద్దలను. ఓనమాలు దిద్దే పసివారిని కాదు. ఆయన గతించిన పాతికేళ్ళకు, 1969లో, జెరాల్డ్ రైకర్ అనే పరిశోధకుడు, ఒక అక్షరం ఒంటరిగా ఉన్నప్పటికంటే పదంలో ఉన్నప్పుడే స్పష్టంగా గుర్తింపబడుతుందని చూపారు. అంటే పదం అక్షరాన్ని మరుగుపరచదు, దానికి ఊతమిస్తుంది.

తెలుగు లిపిలో ఈ సంగతి మరింత ఆలోచింపదగినది. మ-య, ప-వ, ధ-థ వంటి జంటలు విడిగా పసికన్నును తికమకపెడతాయి. సాంచాల చప్పుడులో పెరిగిన భివండి బాలునికి 'మగ్గం' అన్న మాట ఎదురైతే, తొలి అక్షరం 'మ'యో 'య'యో తేల్చుకోవడానికి ఆ మాటే సాయపడుతుంది. అయితే గుణింతాలూ వత్తులూ ముందుగా చేతికి, కంటికి పట్టుబడి ఉండాలి. ఈ ఊరి వీధులలో అతని కంటికి ఎక్కువగా కనబడేవి దేవనాగరి, ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాలు. కాటెల్ చెప్పిన చిరకాల అభ్యాసం అతనికి తెలుగులో లభించేది బడిలోని వాచకంలో, ఇంటికి వచ్చే తెలుగు పత్రికలో.