సామర్లకోట నుంచి శిబ్‌పూర్ దాకా – డాక్టర్ రాక్స్‌బర్గ్

సామర్లకోట అనగానే మనకు రైల్వే జంక్షను, కుమారారామ భీమేశ్వరస్వామి గుడి జ్ఞాపకం వస్తాయి. రెండువందల ఏళ్ళకు పూర్వం అక్కడ కంపెనీవారి మొక్కల తోట ఉండేదనీ, భారత వృక్షశాస్త్ర పితామహుడని పేరొందిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ ఆ తోటలోనే తన పనికి పునాది వేశాడనీ చాలామందికి తెలియదు. ఈ ప్రత్యేక సంచిక కోసం ఆయన గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన 1751లో స్కాట్లండులో జన్మించాడు. ఎడింబరోలో వైద్యంతోపాటు వృక్షశాస్త్రం చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడ మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క వగైరా పెంచి చూశాడు. రోజుకు మూడుసార్లు వాతావరణ వివరాలు రాసిపెట్టుకునేవాడు. అంత శ్రద్ధగా సేకరించిన మొక్కల నమూనాలు ఒకసారి ముంపులో కొట్టుకుపోయాయి. ఏళ్ళ తరబడి రికార్డులు కాపాడిన గుమాస్తాగా ఆ నష్టం ఎంతటిదో నేను ఊహించగలను. ఆయన మాత్రం మళ్ళీ మొదటినుంచి పని ప్రారంభించాడు.

మన దేశపు చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల్లో 300 ఎంచి, కోరమాండల్ తీరపు మొక్కలపై మూడు సంపుటాలు 1795 నుంచి 1820 వరకు లండన్‌లో వెలువరించారు. వాటిలో మన తెలుగు పేర్లు కూడా నమోదయ్యాయి. జ్వరాలకు పనికివస్తుందని ఆయన సోమిద చెట్టు బెరడును పరీక్షింపజేశాడు. ఆ చెట్టుకు శాస్త్రజ్ఞులు తరువాత పెట్టిన ప్రజాతి నామం కూడా మన తెలుగు మాట నుంచి వచ్చిందే.

1793లో ఆయన కలకత్తా దగ్గర శిబ్‌పూర్ తోటకు అధికారిగా వెళ్ళాడు. అది 1787లో కర్నల్ కిడ్ స్థాపించిన తోట. 1814లో అచ్చయిన జాబితా ప్రకారం అందులో సుమారు 3,500 జాతుల మొక్కలున్నాయి. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలు దాదాపు 2,500. వాటిని రెండు ప్రతులు తయారుచేయించి, ఒకటి తోటలో ఉంచి, రెండోది లండన్‌కు పంపాడు. మొదటిది నేటికీ శిబ్‌పూర్‌లోనే, రెండోది ఇంగ్లండులోని క్యూ తోటలో భద్రంగా ఉన్నాయి. ఆఫీసు కాపీ విలువ తెలిసిన మనబోటివారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆరోగ్యం చెడి 1813లో ఆయన మన దేశం విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. జీవితకాలపు కృషి అయిన ఫ్లోరా ఇండికా గ్రంథాన్ని ఆయన కళ్ళచూడలేదు. 1820లో మొదటి సంపుటాన్ని, 1832లో పూర్తి గ్రంథాన్ని విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించాడు.

ఉద్యోగంలో ఉండగా ఎల్.టి.సి. మీద మా ఆవిడతో ఆ తోట చూశాను. జనమంతా మహావటవృక్షం చుట్టూనే ఉన్నారు. 2009లో ఆ తోటకు ఆచార్య జగదీశ్ చంద్రబోసు పేరు పెట్టారు. వెళ్ళేవారు అక్కడొక గ్రంథాలయం, ఎండుమొక్కల భాండాగారం కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

నన్ను బాధించే విషయం ఒకటుంది. మొక్కల పేర్లు పుస్తకాలకెక్కాయి గాని, బొమ్మలు వేసిన మన చిత్రకారుల్లో చాలామంది పేర్లు ఎక్కడా మిగలలేదు. ఆ లోటు మనం తీర్చలేము. సోమిద, బిల్లు, ఏగిస వంటి చెట్ల పేర్లనైనా మన మనుమలకు చెట్టు చూపించి నేర్పితే, అవి పుస్తకాలకే పరిమితం కాకుండా ఉంటాయి.